ఒప్పించే మాట

పాఠ్యాంశ పరిచయం

మనం రోజూ ఎన్నో మాటలు మాట్లాడుతుంటాం. వాటిలో కొన్ని సంగతి తెలిపే మాటలు. కొన్ని అడిగే మాటలు. మరికొన్ని ఎదుటివారిని ఒప్పించే మాటలు. పదవ తరగతి ముగించి కళాశాలలో అడుగుపెట్టిన విద్యార్థులు నలుగురి ముందు నిలబడి ఒక విషయాన్ని ప్రతిపాదించి ఒప్పించవలసిన సందర్భాలు వస్తాయి. అటువంటి ఉపన్యాసాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలో, ఎలా చెప్పాలో ఒక ఉదాహరణ ద్వారా ఈ పాఠంలో తెలుసుకుందాం.

పాఠం

ఠాణే జిల్లాలోని భివండి మరమగ్గాలకు పేరుపొందిన పట్టణం. అక్కడి నాగావ్ ప్రాంతంలో తెల్లవారేసరికి మొదట చెవినపడేది మగ్గాల చప్పుడు. రేకుల షెడ్లలో వరుసగా నిలిచిన మగ్గాలను అక్కడివారు సాంచాలు అంటారు. తెలంగాణ జిల్లాల నుండి నేతపని వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో తరాలుగా భివండిలో స్థిరపడ్డాయి. వాళ్ల ఇళ్లలో తెలుగు, వీధిలో హిందీ, కార్యాలయాలలో మరాఠీ వినబడుతుంటాయి.

అటువంటి ఇంటినుండి జూనియర్ కళాశాలకు వెళ్లే ఒక విద్యార్థినిని ఊహించుకుందాం. ఆమె పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలోనే చదివింది. ఇప్పుడు పదకొండవ తరగతి. ఒకనాడు అధ్యాపకుడు తరగతిలో ఇలా చెప్పాడు: "వచ్చే వారం మీరంతా ఒక్కొక్కరు ఐదు నిమిషాలు మాట్లాడాలి. విషయం మీ ఇష్టం. అయితే మీ మాటలు విన్న తరువాత మేము ఒక పని చేయడానికి గాని, ఒక పని మానడానికి గాని ఒప్పుకోవాలి."

ఆ మాట వినగానే ఆమె గుండె దడదడలాడింది. తప్పు పలికితే నవ్వుతారేమోనన్న భయం, ఏం చెప్పాలో తోచని తికమక రెండూ ఒక్కసారే కలిగాయి. మీలో చాలామందికి ఇటువంటి అనుభవం ఇప్పటికే ఉండవచ్చు. భయం ఒక్కసారిగా పోదు. పని మొదలుపెడితే మాత్రం కొంచెం కొంచెంగా తగ్గుతుంది. ఆమె ఏయే పనులు ఏ వరుసలో చేసిందో చూద్దాం.

తెలపడం వేరు, ఒప్పించడం వేరు

"మరమగ్గం ఎలా పనిచేస్తుంది?" అనే అంశం మీద మాట్లాడితే అది వివరణ. విన్నవారికి కొత్త సంగతి తెలుస్తుంది, అంతే. "మగ్గం దగ్గర నిలబడే ప్రతి మనిషీ చెవులు కాపాడుకోవాలి" అని మాట్లాడితే అది ప్రతిపాదన. దానికి ఎవరైనా "అక్కరలేదు" అని ఎదురు చెప్పడానికి వీలుంది. ఎదురు చెప్పడానికి వీలున్న విషయమే ఒప్పించే ఉపన్యాసానికి తగిన విషయం. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని ఎవరినీ ఒప్పించనక్కరలేదు.

మన కావ్యాలలో ఒప్పించే మాటకు పేరెన్నికగన్న ఘట్టం శ్రీకృష్ణ రాయబారం. తిక్కన భారతం ఉద్యోగపర్వంలో ఆ కథ ఉంది. తిరుపతి వేంకటకవుల నాటకాల వల్ల అది పల్లెపల్లెకూ చేరింది. పాండవులకు రావలసినది సగం రాజ్యం. అది ఇవ్వకపోతే ఐదూళ్లయినా చాలునన్నాడు ధర్మరాజు. కోరిక అంత చిన్నదిగా, అంత స్పష్టంగా ఉన్నందువల్లనే దానిని కాదన్న దుర్యోధనుని తప్పు సభకంతటికీ కనబడింది. మనం అడిగేది ఏమిటో ఎదుటివారికి వేలు పెట్టి చూపినంత తేటగా ఉండాలన్నది దీనిలోని పాఠం. రాయబారం ఫలించలేదన్నదీ నిజమే. ఎంత మంచి మాటకైనా ఒక హద్దు ఉంది. వినదలచుకోని వానిని ఎవరూ ఒప్పించలేరు.

విషయాన్ని ఎన్నుకోవడం

మన విద్యార్థిని మొదట "శబ్ద కాలుష్యం" అని కాగితం మీద రాసుకున్నది. అది చాలా పెద్ద విషయం. ఐదు నిమిషాలలో రోడ్ల మీది హారన్లు, పెళ్లిళ్ల బాజాలు, కర్మాగారాల చప్పుడు అన్నీ చెప్పబోతే ఏదీ మనసున నిలవదు. తనకు బాగా తెలిసిన చప్పుడు ఏదని ఆలోచించింది. అప్పుడు తండ్రి గుర్తుకు వచ్చాడు.

ఆయన ఇరవై ఏళ్లకు పైగా సాంచాల మీద పనిచేస్తున్నాడు. ఇంటికి వచ్చిన తరువాత వెనుకనుండి "బాపూ" అని రెండు సార్లు పిలిచినా పలకడు. ముందుకు వచ్చి నిలబడితే "ఏంది బిడ్డా?" అంటాడు. టీవీ చప్పుడు బాగా పెంచుతాడు. పక్కింటివాళ్లు విసుక్కుంటారు. ఇంట్లో అందరూ ఆయనతో అరిచినట్టు మాట్లాడడం అలవాటైపోయింది. ఇంతకాలం అది ఆయన స్వభావం అనుకున్నది గాని, పనివల్ల వచ్చిన నష్టమని ఆమెకు తోచలేదు.

ఇప్పుడు విషయం చిన్నదయింది. ఆమె ఒకే వాక్యంలో ఇలా రాసుకున్నది: "మీ ఇంట్లో మగ్గాల షెడ్డుకు వెళ్లేవారు ఉంటే, ఈ వారంలో వారితో మాట్లాడి, ఒక జత చెవి బిరడాలు వారం రోజులు వాడి చూసేటట్టు చేయండి." ఏ ఉపన్యాసానికైనా ఇటువంటి ఒక్క వాక్యం ముందుగా రాసుకోవాలి. ఆ వాక్యానికి పనికిరాని సంగతి ఎంత ముచ్చటగా ఉన్నా వదిలివేయాలి.

వినేవారు ఎవరు?

ఉపన్యాసం వక్త నోటినుండి మొదలవుతుందని అనుకుంటాం. నిజానికి అది శ్రోతలను గురించిన ఆలోచనతో మొదలవుతుంది. ఆమె తరగతిలో మరాఠీవారు, ఉర్దూవారు, ఉత్తరప్రదేశ్ నుండి వచ్చిన కుటుంబాల పిల్లలు, తెలుగువారు కలిసి ఉన్నారు. కొందరి ఇళ్లలో కార్మికులున్నారు. కొందరి ఇళ్లలో మగ్గాల యజమానులున్నారు. కొందరికి మగ్గాలతో ఏ సంబంధమూ లేదు.

అందువల్ల ఆమె రెండు నిర్ణయాలు చేసుకున్నది. మొదటిది, యజమానులను దోషులుగా నిలబెట్టి మాట్లాడకూడదు. అలా మాట్లాడితే సగం తరగతి చప్పట్లు కొడుతుంది, తక్కిన సగం చెవులు మూసుకుంటుంది. యజమాని పిల్లలే ఇంట్లో ఈ మాట ఎత్తితే పని త్వరగా జరుగుతుందని ఆమెకు తెలుసు. రెండవది భాషకు సంబంధించినది. ఆలోచించడం, రాసుకోవడం తెలుగులో చేసుకోవాలి. చెప్పడం మాత్రం తరగతిలో అందరికీ అర్థమయ్యే హిందీలో చెప్పాలి.

భాష విషయంలో మన చరిత్రలోని ఒక సంఘటన తెలుసుకోదగినది. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధనీ థియేటరులో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరిగింది. మహిళా విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన మహర్షి ధోండో కేశవ్ కర్వే ఆ సభకు అధ్యక్షుడు. సభలో ఇతర భాషలలో ఉపన్యాసాలు సాగాయి. అల్లంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మాట్లాడబోయేసరికి కొందరు గోల చేసి ఎగతాళి చేశారు. ఆ అవమానం మనసుకు తగిలిన కొందరు తెలుగువారు వెంటనే కూడి ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. మాడపాటి హనుమంతరావు దానికి ప్రాణం పోశారు. అదే తరువాత ఆంధ్ర మహాసభగా మారి, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి సభ జరుపుకున్నది.

ఈ సంఘటన నుండి వక్తలూ, శ్రోతలూ ఇద్దరూ నేర్చుకోవలసినది ఉంది. శ్రోతలుగా మనం ఎవరి భాషనూ, ఎవరి ఉచ్చారణనూ చూసి నవ్వకూడదు. వక్తలుగా మనం శ్రోతలకు అందే మాటలను వెతుక్కోవాలి. అలా వెతుక్కున్నంత మాత్రాన మన భాష చిన్నదైపోదు. ఆలోచన బలంగా నిలబడేది అమ్మ భాషలోనే.

ఆధారాలు సేకరించడం

"చప్పుడు వల్ల చెవులు పోతాయి" అని ఊరికే అంటే ఎవరూ ఒప్పుకోరు. ఎందుకు పోతాయో, ఎంత చప్పుడుకు పోతాయో చెప్పాలి. ఆమె కళాశాల గ్రంథాలయంలో విజ్ఞానశాస్త్ర పుస్తకాలు చూసింది. అధ్యాపకులను అడిగింది. చివరకు ఈ సంగతులు తెలిశాయి.

చప్పుడును డెసిబెళ్లలో కొలుస్తారు. పది డెసిబెళ్లు పెరిగితే ధ్వని తీవ్రత పది రెట్లు అవుతుంది. అంటే 90 డెసిబెళ్లకూ 100 డెసిబెళ్లకూ తేడా కొంచెమే అనుకోవడం పొరపాటు. మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెళ్లు. నాడె మగ్గాలు ఆడే షెడ్డులో చప్పుడు 90 డెసిబెళ్లు దాటడం సాధారణం. ఎందుకంటే మరమగ్గంలో నాడెను ఒక కొయ్య గట్టిగా కొట్టి అటునుండి ఇటు పంపుతుంది. నిమిషానికి వంద సార్లకు పైగా ఆ దెబ్బ పడుతుంది. షెడ్డులో అలాంటి మగ్గాలు పదులకొద్దీ ఉంటాయి. రేకుల కప్పు, సిమెంటు గోడలు ఆ చప్పుడును మింగవు, తిరిగి లోపలికే పంపుతాయి.

మన చెవి లోపల నత్తగుల్ల వంటి ఒక భాగం ఉంది. దానిని కర్ణావర్తం అంటారు. దానిలోని సన్నని రోమకణాలు ధ్వనిని గ్రహించి మెదడుకు పంపుతాయి. పెద్ద చప్పుడులో ఏళ్ల తరబడి ఉంటే ఆ కణాలు చనిపోతాయి. చనిపోయినవి మనిషిలో మళ్లీ మొలవవు. అందువల్ల ఈ చెవుడు మందులతో నయం కాదు. పైగా అది నొప్పి లేకుండా వస్తుంది. మొదట సన్నని, పదునైన ధ్వనులు పోతాయి. స, శ, త, క వంటి హల్లులు సరిగా అందవు. మాట వినబడుతుంది గాని ఏమన్నదీ తెలియదు. "గట్టిగా చెప్పు" అనే బదులు "సరిగా చెప్పు" అని వారు విసుక్కోవడానికి కారణం ఇదే.

1948 కర్మాగారాల చట్టం కింద రూపొందిన నమూనా నియమాలు 90 డెసిబెళ్ల చప్పుడులో రోజుకు 8 గంటలే హద్దు అన్నాయి. 95 డెసిబెళ్లయితే 4 గంటలు, 100 డెసిబెళ్లయితే 2 గంటలు. చప్పుడు వల్ల వచ్చే చెవుడును ఆ చట్టం వృత్తి వ్యాధుల పట్టికలో చేర్చింది. భివండి షెడ్లలో 12 గంటల పాళీ మామూలు. ఈ లెక్కలు పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడు ఆమెకే ఒళ్లు జలదరించింది.

సేకరించిన ఆధారాలన్నీ ఉపన్యాసంలో పెట్టనవసరం లేదు. ఆమె పన్నెండు సంగతులు రాసుకుని, వాటిలో నాలుగే ఉంచుకున్నది. అంకెలు రెండు మూడుకు మించితే శ్రోతలకు గుర్తుండవు.

ఎదుటివారి అభ్యంతరం

ఒప్పించదలచినవారు "కాదు" అనేవారి మాట ముందుగా వినాలి. చాలామంది ఉపన్యాసకులు ఈ పని చేయరు. మన విద్యార్థిని ఒకరోజు రాత్రి తండ్రినే అడిగింది.

"బాపూ, చెవుల బిరడాలు పెట్టుకుంటే ఏమైతది?"

ఆయన నవ్వాడు. "పెట్టుకుంటే సాంచా సప్పుడు ఎట్ల ఇనవడ్తది బిడ్డా? సప్పుడు మారితేనే గదా ఏదో ఖరాబైందని ఎరుకయ్యేది. నాలుగు సాంచాలు నడిపేటోనికి కండ్లెంత ముఖ్యమో చెవులంత ముఖ్యం."

"మరి దూది పెట్టుకుంటవు గదా అప్పుడప్పుడు?"

"దూదితోని ఏం కాదు. ఉక్కపోతకు చెమట పట్టి ఊడిపోతది. అదిగాక పక్కోళ్లు నవ్వుతరు."

ఆమెకు మూడు అభ్యంతరాలు దొరికాయి: మగ్గం చప్పుడు వినబడదు, ఉక్కపోత, నగుబాటు. మొదటిది మూర్ఖపు మాట కాదు. అది పనిలో ఆరితేరిన మనిషి చెప్పిన మాట. దానికి సరైన జవాబు లేకపోతే ఉపన్యాసం నిలబడదు. మళ్లీ వెతికింది. బిరడా చప్పుడును తగ్గిస్తుంది గాని పూర్తిగా ఆపదు. అన్ని ధ్వనులూ తగ్గుతాయి కాబట్టి మగ్గం తీరు మారినప్పుడు ఆ మార్పు కూడా తెలుస్తుంది. కొత్తలో తేడాగా ఉంటుంది. చెవికి అలవాటు కావడానికి కొన్ని రోజులు పడుతుంది. వారం రోజులు వాడి చూడమని అడగడంలోని కారణం అదే. దూది మాత్రం నిజంగానే చాలదు. మెత్తని స్పంజి బిరడాను శుభ్రమైన చేతులతో సన్నగా నలిపి, చెవిని పైకి లాగి లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. అలా పెట్టినది సులభంగా ఊడదు.

బిరడా ఒక్కటే మార్గం కాదని కూడా ఆమె గ్రహించింది. అరిగిన భాగాలు మార్చడం, వేళకు నూనె పోయడం, చప్పుడును పీల్చుకునే పలకలు గోడలకు అమర్చడం, ఏడాదికొకసారి చెవి పరీక్ష చేయించడం అవసరమే. అవి యజమానులు తలచుకుంటే అయ్యే పనులు. తరగతిలోని పిల్లలు రేపే చేయగలిగినది ఏదో, దానినే ఆమె అడగదలచింది.

మూడు బలాలు

సుమారు 2,300 సంవత్సరాల కిందట గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ ఉపన్యాస కళ మీద ఒక గ్రంథం రాశాడు. ఒప్పించే మాటకు మూడు బలాలు ఉంటాయని ఆయన చెప్పాడు. మొదటిది చెప్పేవాని మీద నమ్మకం. రెండవది వినేవారి మనసును తాకడం. మూడవది మాటలోని తర్కం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా మాట కుంటుతుంది. అంకెలే చెబితే మనసు కదలదు. కన్నీళ్లే చూపితే బుద్ధి ఒప్పుకోదు. రెండూ ఉన్నా చెప్పేవాని నడత మీద నమ్మకం లేకపోతే ఎవరూ చెవిన పెట్టరు.

ఈ మూడూ కలిసి పనిచేసిన ఉదాహరణ ముంబయి చరిత్రలో ఉంది. నారాయణ్ మేఘాజీ లోఖండే (1848–1897) మహాత్మా ఫులే అనుచరుడు, 'దీనబంధు' పత్రికా సంపాదకుడు. ఆనాడు బట్టల మిల్లుల కార్మికులకు వారానికొక సెలవు కూడా లేదు. 1884లో ఆయన కార్మికులను కూడగట్టి సభలు జరిపాడు. ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, పనివేళలకు హద్దు, నెలజీతం సకాలంలో చెల్లింపు మొదలైన కోరికలతో 5,500 మంది సంతకాలు చేసిన విజ్ఞప్తిని ప్రభుత్వ సంఘానికి సమర్పించాడు. వెంటనే ఫలితం రాలేదు. 1890 ఏప్రిల్ 24న సుమారు పదివేల మంది కార్మికులతో మరొక సభ జరిగింది. ఆ సభలో ఇద్దరు కార్మిక స్త్రీలు కూడా లేచి మాట్లాడారు. 1890 జూన్ 10న మిల్లు యజమానుల సంఘం ఆదివారం సెలవుకు ఒప్పుకున్నది.

ఇక్కడ గమనించండి. కార్మికులలో కలిసిమెలిసి తిరిగిన మనిషి చెప్పాడు కాబట్టి నమ్మకం ఉంది. వేల సంతకాల ఆధారం ఉంది. తమ కష్టం తామే చెప్పుకున్న స్త్రీల మాటలో మనసును తాకే శక్తి ఉంది. కోరికలు విడివిడిగా, స్పష్టంగా ఉన్నాయి. వాటి వెనుక ఆరేళ్ల ఓపిక ఉంది.

అమర్చుకోవడం

ఐదు నిమిషాలంటే నిదానంగా చదివితే నోటు పుస్తకంలో రెండు పేజీలు. ఆ కొద్ది చోటును ఆమె ఇలా పంచుకున్నది.

మొదటి అర నిమిషం: తండ్రిని రెండు సార్లు పిలిచిన సంగతి.
తరువాతి నిమిషంన్నర: చెవికి నష్టం ఎలా కలుగుతుంది, ఎంత చప్పుడుకు కలుగుతుంది.
తరువాతి నిమిషంన్నర: తండ్రి చెప్పిన మూడు అభ్యంతరాలు, వాటికి జవాబులు.
తరువాతి నిమిషం: బిరడా పెట్టుకునే తీరు, చేతితో చేసి చూపడం.
చివరి అర నిమిషం: తాను కోరేది.

"ఈనాటి నా ఉపన్యాస విషయం ఏమనగా" అని ఆమె మొదలుపెట్టలేదు. ఆ మాటలు ఎవరైనా ఎక్కడైనా చెప్పగలరు. "మా బాపు" అనే మాట ఆమె ఒక్కతే చెప్పగలదు. అయితే ఇంటి సంగతి సభలో చెప్పేముందు ఆమె తండ్రిని అడిగింది. ఆయన కొంచెంసేపు ఆలోచించి, "చెప్పు. అందరి ఇండ్లల్ల ఉన్న ముచ్చటే గదా" అన్నాడు. ఇతరుల కష్టాన్ని ఉదాహరణగా వాడుకునేటప్పుడు వారి అనుమతి తీసుకోవడం మర్యాద.

సాధన

రాసుకున్నది బట్టీపట్టి అప్పగిస్తే ఒక్క మాట మరచిపోగానే అంతా ఆగిపోతుంది. అందువల్ల ఆమె రెండు పేజీలనూ ఒక చిన్న చీటీ మీదికి ఐదు మాటలుగా కుదించింది: బాపు, రోమకణాలు, అభ్యంతరాలు, బిరడా, కోరిక. ఆ ఐదు మాటలు చూసుకుంటూ రోజూ రెండు సార్లు మేడమీద నిలబడి మాట్లాడింది. చుట్టూ సాంచాల చప్పుడు. ఆ చప్పుడులో వినబడాలంటే అరవాలి, అరిస్తే గొంతు బొంగురుపోతుంది. రెండు మూడు రోజులకు ఆమెకు ఒక కిటుకు తెలిసింది. కడుపునిండా గాలి పీల్చుకుని, మాట మాటకూ మధ్య విరామం ఇచ్చి, చివరి అక్షరం మింగకుండా పలికితే అరవనక్కరలేదు.

ప్రాచీన గ్రీసులో డెమొస్తనీసు అనే మహావక్త ఉండేవాడు. ఆయనకు చిన్ననాడు మాట స్పష్టంగా వచ్చేది కాదట. నోటిలో గులకరాళ్లు పెట్టుకుని పలుకు దిద్దుకున్నాడని ప్లూటార్కు అనే చరిత్రకారుడు రాశాడు. సముద్రపు హోరుకు ఎదురుగా నిలబడి మాట్లాడడం సాధన చేశాడని కూడా చెబుతారు. నాగావ్‌లో సముద్రం లేదు. కాని హోరుకు కొదువ లేదు.

తరగతిలో

ఆ రోజు వచ్చింది. ఆమె లేచి ముందుకు నడిచింది. వెంటనే మాట్లాడలేదు. తరగతి వైపు ఒకసారి చూసి, ఊపిరి తీసుకుని మొదలుపెట్టింది. మొదటి వాక్యంలో గొంతు వణికింది. తండ్రి సంగతి చెప్పేటప్పటికి వెనుక బెంచీలోని అలజడి ఆగింది. ఆ వరుసలో కూర్చున్న ఇద్దరు ముగ్గురు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ల ఇళ్లలోనూ టీవీ చప్పుడు ఎక్కువే.

ఆమె హిందీలో చెప్పిన చివరి మాటలకు తెలుగు రూపం ఇది:

"మనం కట్టుకున్న బట్ట ఎవరో ఒకరి చెవుల ముందు తయారైంది. చనిపోయిన రోమకణం తిరిగి రాదు. ఉన్నవాటిని కాపాడుకోవచ్చు. నేను మిమ్మల్ని పెద్ద పని అడగడం లేదు. ఈ వారంలో మీ నాన్నతోనో, అన్నతోనో, మీ షెడ్డులో పనిచేసేవారితోనో ఒక్కసారి మాట్లాడండి. ఒక జత బిరడాలు వారం రోజులు వాడి చూడమనండి. నచ్చకపోతే తీసివేయమనండి."

ఉపన్యాసం ముగిసిన తరువాత ఒక విద్యార్థి లేచి, "బిరడాలు పెట్టుకుని పని పాడుచేస్తే నష్టం మాది కదా?" అని అడిగాడు. వాళ్ల ఇంట్లో మగ్గాలున్నాయి. ఆమె కోపగించుకోలేదు. "మంచి ప్రశ్న. మా బాపు కూడా ఇదే అడిగాడు. అందుకే మొదట వారం రోజులే, ఒక్క మనిషితోనే చూడమంటున్నాను" అన్నది. అతడు కూర్చున్నాడు. ఒప్పుకున్నాడో లేదో ముఖం చూస్తే తెలియలేదు. రెండు రోజుల తరువాత అతడే వచ్చి, బిరడాలు ఏ దుకాణంలో దొరుకుతాయని అడిగాడు.

తెలియని ప్రశ్న ఎదురైతే "తెలుసుకుని చెబుతాను" అనడంలో చిన్నతనం లేదు. తెలియకున్నా తెలిసినట్టు చెబితే, అంతవరకు చెప్పిన నిజాల మీద కూడా నమ్మకం పోతుంది.

ఒప్పించడం, నమ్మించి మోసగించడం

మాటకు బలం ఉంది కాబట్టి దానికి బాధ్యత కూడా ఉంది. లేని అంకెలు కల్పించడం, భయపెట్టడం, ఎదుటివాని మాటను వక్రీకరించి ఎగతాళి చేయడం వల్ల కూడా సభను గెలవవచ్చు. అది ఒప్పించడం కాదు. ఒక పరీక్ష గుర్తుంచుకోండి: మనకు తెలిసినదంతా శ్రోతలకు తెలిసిన తరువాత కూడా వారు మన మాటకు ఒప్పుకుంటారా? ఒప్పుకుంటారనుకుంటేనే మాట్లాడాలి.

శ్రోతలకు కూడా బాధ్యత ఉంది. చప్పట్లు కొట్టే ముందు "ఆధారం ఏమిటి?" అని అడగాలి. నచ్చని మాటనైనా చివరిదాకా వినాలి.

మన విద్యార్థినికి ఆ రోజు తరగతిలో మంచి మార్కులే వచ్చాయి. కాని ఆమె ఒప్పించవలసిన మనిషి ఇంట్లో ఉన్నాడు. ఆ సాయంత్రం తండ్రి ఎదురుగా కూర్చుని, హిందీలో చెప్పినదంతా మళ్లీ తెలుగులో చెప్పింది. ఆయన ముఖంలోకి చూస్తూ, మాట మాటకూ మధ్య ఆగుతూ, చివరి అక్షరం మింగకుండా చెప్పింది. అరవలేదు. ఆయన చివరిదాకా విన్నాడు. తరువాత చేయి చాపి, "ఏదీ, ఇటు తే. ఎట్ల పెట్టుకోవాల్నో సూపియ్యి" అన్నాడు.

కొత్త పదాలు – అర్థాలు

ప్రతిపాదన = ఒప్పుకొమ్మని ముందు పెట్టే మాట
రాయబారం = ఒకరి పక్షాన మరొకరి వద్దకు వెళ్లి జరిపే సంప్రదింపు
పేరెన్నికగన్న = ప్రసిద్ధి పొందిన
శ్రోత = వినేవాడు
సాంచా = మరమగ్గం (వాడుక మాట)
నాడె = పేక నూలును పడుగులో అటూ ఇటూ తీసుకుపోయే సాధనం
పాళీ = పని వంతు
అభ్యంతరం = ఆక్షేపణ
వక్రీకరించు = ఉన్న అర్థాన్ని మార్చి చెప్పు
విజ్ఞప్తి = మనవి

అభ్యాసం

అ. క్రింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. వివరణకూ, ప్రతిపాదనకూ తేడా ఏమిటి?
2. చప్పుడు వల్ల కలిగే చెవుడు మందులతో ఎందుకు నయం కాదు?
3. ఆంధ్ర జనసంఘం స్థాపనకు దారితీసిన సంఘటన ఏది?
4. చీటీ మీద విద్యార్థిని రాసుకున్న ఐదు మాటలు ఏవి?

ఆ. క్రింది ప్రశ్నలకు ఎనిమిది లేక పది వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. తండ్రి చెప్పిన అభ్యంతరాలు ఏవి? వాటిలో దేనికి జవాబు చెప్పడం కష్టమని మీరు అనుకుంటున్నారు? ఎందుకు?
2. అరిస్టాటిల్ చెప్పిన మూడు బలాలను లోఖండే కృషికి అన్వయించి రాయండి.
3. యజమానులను నిందించకూడదని విద్యార్థిని నిర్ణయించుకున్నది. ఇది సరైనదేనా? మీ అభిప్రాయం కారణాలతో రాయండి.

ఇ. భాషాంశం
ఒకరు తామే చేసే పనిని తెలిపే క్రియకు 'ఇంచు' చేరితే, ఇతరులచేత చేయించే అర్థం వస్తుంది. ఇటువంటి వాటిని ప్రేరణార్థక క్రియలంటారు.
ఉదా: ఒప్పు – ఒప్పించు, చేయు – చేయించు.
నవ్వు, రాయు, కట్టు, మాట్లాడు అనే క్రియలకు ప్రేరణార్థక రూపాలు రాసి, సొంత వాక్యాలలో ప్రయోగించండి.

ఈ. తండ్రి మాటలను మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో ఒకసారి, పాఠ్యపుస్తకపు తెలుగులో ఒకసారి రాయండి. మారిన పదాల పట్టిక తయారు చేయండి.

ఉ. చేయవలసిన పని
మీ వీధిలోనో, మీ ఇంట్లోనో మారవలసిన ఒక విషయాన్ని ఎన్నుకోండి. మీరు కోరేది ఒకే వాక్యంలో రాయండి. దానికి "కాదు" అనే మనిషి దగ్గరకు వెళ్లి కారణాలు అడిగి రాసుకోండి. తరువాత మూడు నిమిషాల ఉపన్యాసం సిద్ధం చేసి తరగతిలో చెప్పండి.